పాస్‌పోర్టు పోయిన మేనల్లుడికి

విశాఖపట్నం

చి. అల్లుడికి ఆశీస్సులు.

“వాడి వీసా పోయింది, పంపించేస్తారు” అని మీ అమ్మ ఒకటే బెంగ. ఆ భయం అక్కర్లేదు. పాస్‌పోర్టులో అంటించిన వీసా అమెరికా గడప దాటడానికే. లోపల ఉండటానికి నీ ఆధారం ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు), ఐ-20 (కాలేజీ ఇచ్చిన విద్యార్థి పత్రం). ఆ వీసా స్టాంపు పోయినంత మాత్రాన స్టేటస్, అంటే అక్కడ ఉండే హక్కు, పోదు.

అందుకే ముందు ఐ-94 దింపుకో. అమెరికా సరిహద్దు శాఖ, అదే బోర్డర్ ప్రొటెక్షన్ వాళ్ళ సైట్లో పేరు, పుట్టినతేదీ, పాత పాస్‌పోర్టు నంబరు కొడితే వస్తుంది. నంబరు గుర్తులేకపోతే ఇంట్లో బీరువాలో జిరాక్సులు వెతకమను. వీసా పేజీ కాపీ దొరికితే ఇంకా మంచిది. కింద కుడివైపు ఎర్రగా ఉండే నంబరు తర్వాత అడుగుతారు.

పోయిందని ఎవరికైనా చెప్పేముందు ఇల్లంతా గాలించు. సూట్‌కేసు లోపలి జిప్పులు, లైబ్రరీ స్కానర్ మూత కింద గాజు పలక కూడా చూడు. ఎందుకంటే మన కాన్సులేట్‌కి చెప్పాక పాస్‌పోర్టు రద్దవుతుంది, అమెరికా కాన్సులేట్‌కి చెప్పాక వీసా చెల్లదు. ఆ తర్వాత సోఫా కింద దొరికినా చిత్తుకాగితమే.

దొరకలేదా, పోలీసు రిపోర్టు తీసుకో. పాస్‌పోర్టుతోపాటు ఎఫ్-1 (విద్యార్థి) వీసా కూడా పోయిందని రాయించు. తర్వాత పాస్‌పోర్ట్ సేవా సైట్లో రీ-ఇష్యూకి పెట్టి, కారణం ‘లాస్ట్’ (పోయింది) అని ఎంచుకో. కాగితాలు మన కాన్సులేట్ తరఫున దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్‌ కంపెనీకి వెళ్తాయి. అనెక్షర్-ఎఫ్ అనే అఫిడవిట్‌లో ఎక్కడ, ఎప్పుడు, ఎలా పోయిందో రాయాలి. అక్కడొక తేదీ, పోలీసు రిపోర్టులో ఒక తేదీ ఉంటే ఫైలు ఆగిపోతుంది.

ఇదే అదనని ఇంటిపేరు సరిచేయించకు. మనవాళ్ళకి ఆ సరదా ఎక్కువ. ఐ-20, బ్యాంకు, లైసెన్సు అన్నీ పాత పేరు మీదే ఉన్నాయి కదా! చిరునామా మాత్రం చూసుకో. పాత పాస్‌పోర్టులో ఎంవీపీ కాలనీ ఉంది, మీవాళ్ళేమో మధురవాడ మారిపోయారు. వెరిఫికేషన్‌కి కానిస్టేబుల్ వస్తే పాత ఇంట్లో ఎవరుంటారు? మీ నాన్న ఆధార్ చిరునామా మార్పించుకున్నాడో లేదో అడుగు.

ఎవరో ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తీసుకోమన్నారట. అది ఇండియాకి ఒకవైపు ప్రయాణానికే. తిరిగి వెళ్ళాలంటే కొత్త పాస్‌పోర్టు, కొత్త వీసా రెండూ కావాలి. ఇంట్లో నిజంగా అత్యవసరమైతే తప్ప ఆ జోలికి పోకు.

ఎఫ్-1 స్టాంపు అమెరికాలో ఉండి మళ్ళీ వేయించుకోలేవు. సెమిస్టర్ సాగినంతకాలం దాంతో పనీ లేదు. నయాగరా అవతలి ఒడ్డు నుంచి బాగుంటుందని కెనడా మాత్రం వెళ్ళకు, స్టాంపు లేకుండా వెనక్కి రావడం కష్టం. సెలవులకి రావాలనుకుంటే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ దొరికాకే టికెట్ కొను. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో పాస్‌పోర్టు పోయిందా, వీసా పోయిందా అని విడివిడిగా అడుగుతారు. రెండింటికీ ‘అవును’ అనే పెట్టు.

కొత్తది చేతికి రాగానే నంబరు కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓకి ఇవ్వు, మొదటి పేజీ, చివరి పేజీ ఫొటోలు మీ అమ్మకి పంపు.

మావయ్య