రోలర్ కోస్టర్‌లో వెనక్కి తిరిగి కూర్చుంటేనే కడుపులో ఎందుకు తిప్పుతుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41 సంవత్సరాలు. గత నెలలో పిల్లలతో కలిసి థీమ్ పార్కుకు వెళ్లాను. ముందుకు చూస్తూ కూర్చునే రోలర్ కోస్టర్ ఎక్కినప్పుడు ఏ ఇబ్బందీ కలగలేదు. తర్వాత వెనక్కి తిరిగి కూర్చునే కోస్టర్ ఎక్కితే సగంలోనే కడుపులో తిప్పింది, దిగగానే వాంతి అయింది, సాయంత్రం దాకా కళ్లు తిరుగుతూనే ఉన్నాయి. మెడ మూడు రోజులు పట్టేసింది. నాకు చాలా ఏళ్లుగా మైగ్రేన్ ఉంది. మా 11 ఏళ్ల బాబు మళ్లీ అదే ఎక్కుదామంటున్నాడు. వాంతుల మాత్ర వేసుకుని ఎక్కవచ్చా? బాబుకు ప్రమాదం ఏమైనా ఉంటుందా?

జవాబు: మీరు మాత్ర గురించి అడిగారు కానీ, మీ లేఖ చదివిన వైద్యుడిగా నేను ముందు మీ మెడ గురించి మాట్లాడవలసి ఉంది. మీకు కలిగిన వికారం, వాంతి ఎంత బాధ పెట్టినా వాటంతట అవే తగ్గిపోయేవి. మూడు రోజులు మెడ పట్టేసిందంటే మాత్రం ఆ కుదుపులకు మెడ కండరాలు, కీళ్లు తట్టుకోలేకపోయాయని అర్థం. ఈ రెండు ఇబ్బందులకూ మూలం ఒకటే కాబట్టి, అది ముందు వివరిస్తాను.

మన లోపలి చెవిలో ఒక్కో పక్క మూడేసి అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి. వాటిలోని ద్రవం కదిలే తీరును బట్టి తల ఎటు తిరుగుతున్నదో మెదడుకు తెలుస్తుంది. వాటి పక్కనే ఉండే రెండు చిన్న సంచుల్లో సున్నపు స్ఫటికాలు ఉంటాయి. ముందుకు దూసుకుపోవడం, కిందికి జారడం వంటి కదలికలను పసిగట్టేవి అవే. చెవి పంపే ఈ సమాచారాన్ని కళ్లు చూసినదానితోనూ, కండరాలు చెప్పినదానితోనూ మెదడు క్షణక్షణమూ సరిపోల్చుకుంటుంది. అంతేకాదు, వచ్చే క్షణంలో ఏమి జరగబోతున్నదో ముందే ఊహించి, అందుకు తగినట్టు శరీరాన్ని సిద్ధం చేస్తుంది. మలుపుల దారిలో కారు నడిపే వ్యక్తికి సాధారణంగా వికారం రాదు. అదే వ్యక్తి వెనుక సీటులో కూర్చుంటే రావచ్చు. దారి, కారు, మలుపులు అన్నీ అవే అయినా, వెనుక కూర్చున్నప్పుడు మలుపు కబురు ముందుగా అందదు.

ముందుకు చూస్తూ కోస్టర్‌లో కూర్చున్నప్పుడు ఎదుట ఉన్న పట్టా ఎక్కడ కిందికి దిగుతుందో, ఎటు వంపు తిరుగుతుందో మీ కళ్లకు కనిపిస్తుంది. వెనక్కి తిరిగి కూర్చున్నప్పుడు కనిపించేది అప్పటికే దాటి వచ్చిన పట్టా మాత్రమే. పడిపోవడం మొదలైన తర్వాత గానీ పడిపోతున్నామని తెలియదు. మెదడు వేసుకున్న అంచనాకూ, చెవి చెబుతున్న నిజానికీ పదేపదే పొంతన కుదరకపోతే వికారం పుడుతుంది. కొన్ని కోస్టర్ల నిర్మాణంలోనే ఈ ఇబ్బంది దాగి ఉంటుంది. డచ్ సంస్థ వెకోమా తయారుచేసే 'బూమరాంగ్' రకంలో రైలు మూడు తలకిందుల మలుపులను ముందుకు దాటి, మళ్లీ అవే మూడింటినీ వెనక్కి దాటుతుంది. ఫ్లోరిడాలోని డిస్నీ యానిమల్ కింగ్‌డమ్‌లో 2006లో ప్రారంభమైన 'ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్' కొంత దూరం చీకట్లో వెనక్కి నడుస్తుంది. అక్కడ ముందస్తు కబురు మాట అటుంచి, కళ్లు పట్టుకోవడానికి ఒక ఆనవాలు కూడా దొరకదు. మైగ్రేన్ ఉన్నవారికి ఇలాంటి వికారం ఇతరుల కన్నా తేలికగా వస్తుంది కనుక, మీకు సాయంత్రం దాకా కళ్లు తిరిగాయంటే నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఇక మెడ సంగతి. పెద్దవారి తల దాదాపు 5 కిలోల బరువు ఉంటుంది. కోస్టర్ లోయలోకి దిగి పైకి లేచేచోట గురుత్వాకర్షణకు నాలుగు రెట్ల బలం పడితే, ఆ ఒకటి రెండు క్షణాలు మెడ 20 కిలోల బరువు మోస్తున్నట్టు లెక్క. మలుపు వస్తున్నదని తెలిస్తే మెడ కండరాలు ముందే బిగుసుకుని తలను పట్టి ఉంచుతాయి. తెలియనప్పుడు తల ముందు ఊగిపోతుంది, కండరం ఆ తర్వాత అందుకుంటుంది. దీనికి తోడు, ముందుకు చూసే సీటులో రైలు ఒక్కసారిగా వేగం అందుకుంటే తల వెనుక ఉన్న దిండుకు ఆనుకుంటుంది. వెనక్కి తిరిగిన సీటులో అదే వేగానికి తల ముందుకు విసురుగా వంగి, గడ్డం ఛాతీ వైపు పడుతుంది. ఆ వైపు తలను ఆపడానికి ఏ ఆసరా ఉండదు. మీ మెడ పట్టేయడానికి ఇదే కారణమై ఉండే అవకాశం ఎక్కువ.

కాబట్టి మళ్లీ ఎక్కాలా వద్దా అన్నది మాత్ర మీద కాక, మీ మెడ మీద ఆధారపడి ఉంది. నిటారుగా కూర్చుని, భుజాలు కదపకుండా గడ్డాన్ని ఒక భుజం వైపు, తర్వాత రెండో భుజం వైపు నెమ్మదిగా తిప్పి చూడండి. ఒక వైపు తక్కువ తిరుగుతున్నా, నొప్పి మొదలవుతున్నా, చేతిలోకి జివ్వున లాగినట్టు అనిపించినా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా ఎక్కవద్దు. ఆర్థోపెడిక్ నిపుణుడిని కలవండి. నలభై దాటిన వారిలో మెడ ఎముకల అరుగుదల పైకి తెలియకుండానే ఉండవచ్చు. మెడ బాగానే ఉన్నా, మైగ్రేన్ వచ్చిన రోజున, నిద్ర చాలని రోజున ఎక్కడం మంచిది కాదు. గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, ఇటీవలి శస్త్రచికిత్స, గతంలో కంటి రెటీనా ఊడిన సమస్య ఉన్నవారు, గర్భిణులు అసలే ఎక్కకూడదు.

మాత్రల విషయానికి వస్తే, సిన్నారిజిన్, ప్రోమెథాజిన్ వంటివి ప్రయాణ వికారాన్ని తగ్గిస్తాయి. అయితే వికారం మొదలయ్యాక వేసుకుంటే అంతగా ఉపయోగం ఉండదు, ముందుగానే వేసుకోవాలి. పైగా ఇవి మత్తునిస్తాయి. వేసుకున్నవారు ఆ రోజు వాహనం నడపకూడదు. మీరు మైగ్రేన్‌కు వాడుతున్న మందుల్లో కూడా మత్తు కలిగించేవి ఉండవచ్చు కనుక, వాటి పేర్లు మీ వైద్యుడికి చూపించకుండా వీటిని కొనుక్కోవద్దు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ మాత్ర కడుపును శాంతపరుస్తుందే తప్ప మెడను కాపాడదు. వికారం లేదన్న ధైర్యంతో రెండోసారి, మూడోసారి ఎక్కితే దెబ్బ తగిలేది మెడకే.

మీ బాబు వయసు పిల్లలకు ప్రయాణ వికారం ఎక్కువగా వస్తుంది, పెరిగేకొద్దీ తగ్గుతుంది. దాని గురించి దిగులు పడనక్కరలేదు. ఎత్తు నిబంధనను మాత్రం ఖచ్చితంగా పాటించండి. భుజాల మీదికి దిగే కడ్డీ ఆ ఎత్తు వారికి సరిపోయేలా తయారైనదే కనుక, మందపాటి చెప్పులు వేసి ఎత్తు సరిపెట్టడం వల్ల పిల్లవాడు కడ్డీ కింద వదులుగా కూర్చుంటాడు. కడుపు నిండా తిన్న వెంటనే గానీ, పూర్తిగా ఖాళీ కడుపుతో గానీ ఎక్కనివ్వకండి. తలను సీటుకు గట్టిగా ఆనించి, దూరంగా కదలకుండా ఉన్న ఒకదానిపై చూపు నిలపమని, పక్కనున్నవారి వైపు తల తిప్పవద్దని చెప్పండి. వరుసలో నిలబడ్డాక భయం వేసి వద్దంటే బలవంతం చేయకండి.

చివరిగా ఒక విషయం మీ ఇంట్లో అందరూ గుర్తుంచుకోవాలి. అరుదుగా అయినా, ఇలాంటి కుదుపుల తర్వాత మెడలోని రక్తనాళపు లోపలి పొర చీలడం, పుర్రె లోపల రక్తస్రావం కావడం వైద్యులు చూశారు. లక్షణాలు ఆ రోజే కాక, కొన్ని రోజుల తర్వాత కూడా బయటపడవచ్చు. మెడకు ఒక పక్క మునుపెన్నడూ లేని నొప్పి, రోజురోజుకూ పెరిగే తలనొప్పి, ఒక కనురెప్ప వాలిపోవడం, మాట తడబడటం, కాలూ చెయ్యీ పట్టు తప్పడం, ఆగని వాంతులు, కంటి ముందు మెరుపులు లేదా నల్లటి చుక్కలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ముఖ్యంగా మీరు, ప్రతి తలనొప్పినీ మైగ్రేన్ అనుకుని మాత్ర వేసుకుని పడుకోవద్దు. ఆసుపత్రిలో రోలర్ కోస్టర్ ఎక్కిన సంగతి, ఎన్ని రోజుల కిందట ఎక్కారన్నది మీరే ముందుగా చెప్పండి. వారం కిందటి సరదాను ఇవాళ్టి తలనొప్పితో కలిపి అడగాలని అక్కడి వైద్యుడికి తట్టకపోవచ్చు.