ఆ సంచి ఎవరు మోశారు?

నాయనా,

నీ కథ 'గోల్కొండలో ఒక ఆదివారం' అందింది. మొదటి రెండు పేజీలు చదివి పక్కన పడేశాను. మధ్యాహ్నం భోజనమయ్యాక ఏమీ తోచక మళ్ళీ తీశాను. అలా తీయబట్టి అయిదో పేజీ దాకా వచ్చాను. అక్కడొక వాక్యం ఉంది. కోట గుట్ట పైకి చేరాక, అక్కడున్న బారాదరి మండపం నీడలో మీ అమ్మగారు సంచి దించుకుంటే, పట్టీ ఒత్తుకుపోయిన చోట భుజం మీద ఎర్రగా వాత తేలి ఉందని రాశావు. నువ్వు చూస్తున్నావని తెలిసి ఆవిడ పైట సర్దేసుకుందని కూడా రాశావు. తర్వాత? తర్వాత నువ్వు కింద కొట్టే చప్పట్లు పైకి వినిపిస్తాయంటే వినడానికి పరిగెత్తావు. ఆవిడ మళ్ళీ కనిపించింది పులిహోర పెట్టేటప్పుడే.

ఆ వాక్యం బాగుంది. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. ఇక తిట్లు.

అంతకుముందు నాలుగు పేజీల్లో ఏముంది? 1518లో సుల్తాన్ కులీ స్వతంత్రుడు కావడం, 87 బురుజులు, 8 దర్వాజాలు, కోహినూరు, 1687లో ఔరంగజేబు ముట్టడి, ఎనిమిది నెలలు లొంగని కోటకి లోపలివాడే ఒకడు తలుపు తీయడం. ఇదంతా టికెట్టు కొనేచోట దొరికే కరపత్రంలో ఉంటుంది. పైగా ఆ ఆఖరి సుల్తాను తానీషా నీ కలలోకి వచ్చి ఉపన్యాసం ఇస్తాడు. పాపం ఆయన్ని దౌలతాబాద్ కోటలో పెట్టి తాళం వేస్తే అక్కడే పోయాడు. ఇన్నేళ్ళ తర్వాత నీ కథలో డైలాగులు చెప్పడానికి లేపుకొచ్చావు! 'ఈ రాళ్ళు మాట్లాడుతున్నాయి' అని ఒకచోట కాదు, పేజీకోసారి. రాళ్ళు మాట్లాడవు. మాట్లాడింది మీ మేనత్త. గైడు చెప్పిన రేటు విని ఆవిడ 'మాకు కళ్ళు లేవా, మేమే చూసుకుంటాం' అన్న ఆ నాలుగు ముక్కలు నీ తానీషా ఉపన్యాసం కంటే ఎంతో నయం.

ఇంకో సంగతి. ఫతే దర్వాజా కింద నిలబడి చప్పట్లు కొట్టామని రాశావు. మీరు కొట్టింది అక్కడ కాదు. ఫతే దర్వాజా బయటి ప్రాకారానిది. దాని కింద నుంచి ఆటోలూ స్కూటర్లూ హారన్లు మోగించుకుంటూ పోతుంటాయి, అక్కడ చప్పట్లు కొడితే ఆటో ఆగుతుంది. అందరూ కొట్టేది టికెట్టు తీసుకుని బాలాహిస్సార్ దర్వాజాలోకి వెళ్ళాక వచ్చే గుమ్మటం కింద. ఆ చప్పుడే పైన బారాదరి దాకా వినిపిస్తుంది. ఫతే దర్వాజా అని నెట్‌లో చాలాచోట్ల ఉంది, నాకూ తెలుసు. కానీ నువ్వు వెళ్ళొచ్చావు కదా! నీ కాళ్ళు నిలబడ్డ చోటుని కూడా ఇంటికొచ్చి ఫోన్‌లో వెతుక్కుని రాస్తే ఎలా?

నాకొక పిచ్చి ఉంది. మా ఇంట్లోవాళ్ళు దీనికి నవ్వుతారు. ఏ కట్టడం చూసినా, ఎవరి కథ చదివినా నేను ముందు వెతికేది బరువు ఎవరి నెత్తిన ఉందా అని. అది దొరికితే కథ దొరికినట్టే. దొరకలేదంటే రాసినవాడు ఏదో దాస్తున్నాడని నా అనుమానం.

గోల్కొండనే చూడు. నాలుగు వందల అడుగుల గుట్ట. మీరు నీళ్ళ సీసాలు మోసుకుంటూ ఎక్కారు, సగం దారిలో అయిపోతే మీ చెల్లెలు ఏడ్చింది. ఆ కాలంలో పైన రాజుగారు స్నానం చెయ్యాలంటే నీళ్ళెలా ఎక్కాయి? కింది తొట్టి నుంచి పై తొట్టికి, అక్కణ్ణుంచి ఇంకా పైకి, అంచెలంచెలుగా పర్షియన్ చక్రాలతో తోడి పోశారు. గోడల్లో మట్టి గొట్టాలు పెట్టి పారించారు. ఆ చక్రాల దగ్గర పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరో ఉండాలి కదా. లోపలికి వెళ్ళగానే నేలలో సగం దిగబడిన ఇనుప గుండు ఉంటుంది చూడు. సిపాయిగా చేరాలంటే దాన్ని ఎత్తి చూపించాలట, గైడ్లు చెప్తారు. మీ నాన్నగారు దాని మీద కాలు పెట్టి ఫొటో దిగారని రాశావు. ఎత్తబోయారా? ఆయన చేతిలో ఆ రోజు ఏముంది? ఫోన్ తప్ప ఇంకేమీ ఉన్నట్టు నాకు కనబడలేదు.

ఇక కోహినూరు మెరుపు గురించి అర పేజీ. ఆ వజ్రం దొరికిందని చెప్పే కృష్ణ ఒడ్డు కొల్లూరు గనికి టావెర్నియే అనే ఫ్రెంచి నగల వర్తకుడు వచ్చి, తను చూసింది రాసిపెట్టాడు. అరవై వేల మంది దాకా పనిచేస్తున్నారట. మగవాళ్ళు తవ్వడం, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోయడం. వజ్రాల బేరానికి వచ్చిన మనిషి కూడా అది గమనించి రాశాడు. అరవై వేల మందిలో మట్టితట్టలు మోసిన ఆడవాళ్ళెందరో! ఇప్పుడా కొల్లూరు పులిచింతల నీళ్ళ కింద ఉంది. నీ కథలో వజ్రం ఉంది కానీ తట్ట లేదు.

ఆషాఢంలో ఒకసారి వెళ్ళు. జంటనగరాల్లో బోనాలు మొదలయ్యేది ఆ గుట్ట మీది జగదంబ గుడిలోనే. నువ్వు మోకాళ్ళు పట్టేశాయని రాసుకున్న ఆ మెట్లే, నెత్తిన బోనం పెట్టుకుని ఆడవాళ్ళు ఎక్కుతారు. కుండలో వండిన అన్నం, పైన దీపం, వేపరెమ్మలు, ఒక చెయ్యి బోనానికి, ఇంకో చెయ్యి వెంట ఉన్న పిల్లకి. మెడ కదలదు, కళ్ళు మాత్రం మెట్టు కోసం కిందికి చూస్తుంటాయి. అలా ఒక మనిషి ఎక్కడం నువ్వు నిదానంగా చూస్తే, సంచితో ఎక్కే మీ అమ్మని ఎలా రాయాలో నేను చెప్పక్కర్లేదు.

నేనూ ఈ కోట గురించే కథ రాశాను, నా మొదటి కథల్లో అదొకటి. ఖమ్మం నుంచి చుట్టాలొస్తే మా నాన్న అందరినీ గోల్కొండ తీసుకెళ్ళాడు. అమ్మ చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్, నా చంకలో తమ్ముడు, నాన్న చేతిలో ఆ రోజు పేపరు. రామదాసు బందీఖానా దగ్గర చుట్టాలంతా గోడ మీద చెక్కిన బొమ్మలకి దణ్ణం పెట్టుకుంటుంటే, అమ్మ క్యారియర్ చెయ్యి మార్చుకుని వేళ్ళు విదిలించుకుంది. వేళ్ళ మీద పిడి అచ్చు పడి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఇందాకటి నుంచి మీ అమ్మగారి భుజం భుజం అని ఎందుకు సణుగుతున్నానో ఇప్పుడు తెలిసిందా? ఆ కథ ఒక వారపత్రికకి పంపాను. తిరుగు స్టాంపులు పెట్టి మరీ పంపాను. కథ తిరిగొచ్చింది, మీద ఎర్ర సిరాతో ఒక ముక్క: 'రాజుల కోటకి తీసుకెళ్ళి టిఫిన్ క్యారియర్ చూపిస్తారేమిటమ్మా?' ఆ సంపాదకుడికి కోటలంటే కత్తులు, రాణులు, గుర్రపు డెక్కల చప్పుడు. వాళ్ళకి అన్నం ఎవరు వండారో ఆయనకి అక్కర్లేదు. ఇంకో పత్రిక తీసుకుంది కానీ, వేళ్ళు విదిలించుకున్న చోటు కత్తిరించేశారు. 'కథకి అవసరం లేదు' అన్నారు. బొమ్మ మాత్రం అర పేజీ వేశారు. మా అమ్మ కథకి ఏం బొమ్మో తెలుసా, గజ్జెలు కట్టుకుని నాట్యం చేస్తున్న తారామతి! అమ్మ ఆ పత్రిక చూసి 'ఇందులో నేనెవర్ని?' అంది. ఆ సంపాదకులెవరూ ఇప్పుడు లేరు, అయినా నాకు కోపం పోలేదు.

ఇప్పుడొచ్చిన ఫ్యాషన్ ఇంకొకటి. చివర్లో ట్విస్టు ఉండాలట. నీ కథ ఆఖరున ఫొటోలో ఎవరో పాతకాలం మనిషి నిలబడి ఉన్నట్టు కనిపించడం ఏమిటి? పోటీల్లో ప్రైజు కోసం పెట్టావని తెలుస్తూనే ఉంది. కొట్టెయ్. ఆ కల కూడా కొట్టెయ్. అప్పుడు మిగిలేది చాలా తక్కువ, అందులోంచి మళ్ళీ మొదలుపెట్టు.

ఎక్కడ మొదలుపెట్టాలంటావా? కోట దగ్గర మాత్రం కాదు. ముందు రోజు రాత్రి చింతపండు ఎవరు నానేశారు? పొద్దున ఎవరు ముందు లేచారు, ఎవరిని లేపడానికి ఎంతసేపు పట్టింది? సంచిలో ఏమేం ఉన్నాయి? అది నువ్వు రాయలేదు, నాకు తెలియాలి. పెరుగన్నం డబ్బా, దుప్పటి, నీళ్ళు, మీ చెల్లెలికి ఇంకో జత బట్టలు, నానమ్మ మాత్రలు, ఇవన్నీ నేను ఊహించుకుంటున్నాను. నువ్వు అడిగి తెలుసుకో. మెహిదీపట్నంలో బస్సు దిగి ఆటో ఎక్కేటప్పుడు సంచి ఎవరి ఒళ్ళో ఉంది? మెట్ల మీద 'ఇటివ్వు' అన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? నువ్వన్నావా? అనకపోతే అదీ రాయి, ఏడుపు లేకుండా రాయి.

ఒక్క హెచ్చరిక. ఆవిడని త్యాగమూర్తిని చేశావో, కాగితాలు చింపి పంపిస్తాను. అమ్మల మీద అలాంటి కథలు మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి, మదర్స్ డే నాడు వరదలా వస్తాయి. మీ అమ్మగారు సంచి ఎవరికీ ఇవ్వకపోవడానికి మీ మీద నమ్మకం లేకపోవడం కూడా కారణం కావచ్చు. ఇస్తే పెరుగు ఒలకబోస్తారు. మీ నాన్నగారి మీద కోపంతో ఇవ్వలేదేమో. కింద చెట్టు నీడలో కూర్చుండిపోయిన నానమ్మతో పొద్దున ఏదో మాట పట్టింపు వచ్చి, ఆ ఉడుకు మీద గబగబా ఎక్కేసిందేమో. అన్నట్టు, ఆ నానమ్మ కింద అంతసేపు ఏం చేసింది? పైకి ఎక్కినవాళ్ళ గురించే రాశావు. మొక్కజొన్న పొత్తులు కాల్చే మనిషితో ఆవిడ ఎన్ని కబుర్లు చెప్పి ఉంటుందో!

నీ మెయిల్లో ప్రశ్నలు చాలా ఉన్నాయి. వర్తమాన కాలంలో రాయాలా, భూతకాలంలోనా అన్నావు. ఎలాగైనా రాయి. కలం పేరు సంగతి నాకు తెలీదు, పెట్టుకోవాలని ఉంటే పెట్టుకో. ఏ పత్రికకి పంపాలన్నది ఇప్పుడు ఆలోచించే విషయం కాదు. పోటీ గడువు దగ్గరపడిందని టెన్షన్ పడుతున్నావు, ఈసారికి వదిలెయ్.

తిరగరాశాక నాకు పంపు. ఫోన్‌లో చదవలేను, కాగితం మీద పెద్దక్షరాలతో ప్రింటు తీసి పోస్టులో పంపు. వచ్చే నెల కంటికి శుక్లం ఆపరేషన్ ఉంది. అంతకుముందే వస్తే మా మనవరాలు చదివి వినిపిస్తుంది. దానికి ఓపిక తక్కువ, నచ్చకపోతే మధ్యలో లేచిపోతుంది. ఆరు పేజీలు దాటనివ్వకు.

ఆశీస్సులతో,
అమ్మమ్మ వయసున్న నీ పాఠకురాలు