ఎకో చూసేదాకా పరుగు వద్దు

చిరంజీవి మేనల్లుడికి,

మొన్న యూనివర్సిటీ గ్రౌండ్‌లో 1600 మీటర్లు పరిగెత్తి, ఆగీ ఆగగానే పడిపోయావని మీ అమ్మ ఫోన్ చేసింది. "ఏమీ తినకుండా పోయినాడు, అందుకే" అంది. అయ్యుండొచ్చు. కానీ పన్నెండేళ్ల కిందట అలిపిరి మెట్ల మీద నేనూ ఇలాగే సర్దిచెప్పుకున్నా.

గాలిగోపురం రాకముందే ఆయాసం. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టుండేది. కాసేపు కూర్చుంటే తగ్గేది. గ్యాస్ అన్నారు, రెండేళ్లు మాత్రలు మింగాను. చివరికి ఎకో, అంటే గుండెకి తీసే స్కానింగ్, తీస్తే గుండె గదుల మధ్య గోడ 19 మిల్లీమీటర్లుంది. మామూలుగా 12 లోపే ఉండాలట. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి, అంటే గుండె కండ మందమయ్యే జబ్బు. ఆ పేరు పలకడానికే నాకు వారం పట్టింది. లోపం పుట్టుకతోనే జన్యువులో ఉంటుంది, కండ మందం కావడం మాత్రం చాలామందిలో వయసొచ్చాక బయటపడుతుంది. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందంటారు, కొందరికి ఏ బాధా తెలియదు.

డాక్టరు దగ్గర "కళ్లు తిరిగాయి" అని ఊరుకోకు. పరిగెడుతుండగానా, ఆగాకనా, ఊరికే నిలబడ్డప్పుడా? పడేముందు గుండె దడదడలాడిందా, ఛాతీ పట్టేసిందా? నన్ను చూసిన పెద్ద డాక్టరు నాడి పట్టకముందే అడిగింది ఇదే. శ్రమ మధ్యలోనో, ఆ వెంటనేనో స్పృహ తప్పితే తేలిగ్గా తీసుకోకూడదన్నారు. నీళ్లు తక్కువ తాగిన రోజు, కడుపునిండా తిని మెట్లెక్కిన రోజు నాకు ఎక్కువయ్యేది. నీకెలా ఉందో గుర్తు తెచ్చుకుని రాసి పెట్టుకో.

తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ లోపముంటే ఒక్కో బిడ్డకీ సగానికి సగం అవకాశం. తోడబుట్టిన నాకు తేలినప్పుడే మీ అమ్మని ఎకోకి రమ్మన్నా. "నాకేం, రెండు బిందెలు మోస్తున్నా" అంటుంది. ఆమె పైకి బాగానే ఉన్నా, లోపల లోపముంటే నీకు వచ్చి ఉండొచ్చు, అదీ నా భయం.

కానిస్టేబుల్ సెలక్షన్ దగ్గరపడిందని టెన్షన్ పడుతున్నావని తెలుసు. అయినా ఎకో చూసేదాకా గ్రౌండ్ వైపు పోవద్దు. అంతా బాగుంటే కొత్త షూ నేనే కొనిస్తా. ఈలోగా మళ్లీ స్పృహ తప్పితే మాత్రం 108కి ఫోన్ చేయించు, నాకోసం ఆగొద్దు.

సోమవారం పొద్దున్నే తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించి పెడతా. ఈసీజీ ఒక్కటే చాలంటే లేచి రావద్దు, ఎకో కూడా అడుగుదాం. నా పాత రిపోర్టులు తెస్తా. మీ అమ్మని బండెక్కించుకుని రా.

మీ మామ