వెనిగరా, ఆవాలా?

ప్రశ్న: ఈ మధ్యే అమెరికాలో నార్త్ కరోలినాలోని షార్లెట్‌కు వచ్చాం. బార్బెక్యూకు వెనిగర్ సాసే సరైనదని ఒకరు, ఆవాల సాసని ఇంకొకరు చెబుతున్నారు. ఎక్కడ తినమంటారు?

జవాబు: దూరమైనా, రాష్ట్రానికి తూర్పున ఉన్న ఏడెన్ ఊరికి వెళ్లండి. అక్కడ 1947లో మొదలైన స్కైలైట్ ఇన్ అనే హోటల్‌లో పందిని మొత్తంగా కట్టె నిప్పుల సెగపై రాత్రంతా కాల్చి, కరకరలాడే చర్మంతో సహా కత్తులతో సన్నగా తరుగుతారు. టమాటా ఊసే ఉండదు. వెనిగరూ మిరప కారమూ అంతే. పక్కన మందపాటి మొక్కజొన్న రొట్టె. మొదటి ముద్దకే ఆ పులుపు, కారం నాకు మా అమ్మ చేతి పులుసును గుర్తుచేశాయి.

మీకు దగ్గరైన ఊరు లెక్సింగ్టన్. అక్కడ పంది భుజం మాంసమే వండుతారు, సాస్‌లో కాస్త కెచప్ కలుపుతారు. ఆవాల సాస్ పక్క రాష్ట్రం సౌత్ కరోలినాలోని కొలంబియా వైపుది. ఆవకాయ తిన్న నాలుకకు అదీ నచ్చుతుంది కానీ, నా ఓటు ఏడెన్‌కే.