నాన్న మాట మారింది... ఆ చదువే చదవనా?

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ చదువుతున్నాను. నాన్నకు నిరుడు హంటింగ్టన్ వ్యాధి అని తేలింది. చేతులు వాటంతటవే కదలడం మొదలవక ముందే ఆయన మాట మారిందని ఇప్పుడు తలచుకుంటే అర్థమవుతోంది. ఇలాంటి మార్పుల మీద పనిచేసే చదువు చదవాలని ఉంది. అమ్మ వద్దంటోంది. ఏం చేయాలి?

జవాబు: మీరు గమనించింది నిజమే కావచ్చు. హంటింగ్టన్ మెదడును క్రమంగా దెబ్బతీసే జన్యు వ్యాధి. ఇందులో కొందరికి కదలికల కంటే ముందే మాట మారుతుంది. మాట నెమ్మదిస్తుంది, మధ్యలో ఆగడం ఎక్కువవుతుంది, వాక్యాలు పొట్టివవుతాయి. 'పటక పటక' అని గబగబా పలకమంటే లయ తప్పుతుంది. 'ఆ' అని దీర్ఘం తీయమంటే గొంతు నిలకడగా ఉండదు. స్పీచ్ నిపుణులు చేయించే పరీక్షలు ఇలాంటివే. చెవికి అందని తేడాలను ఇప్పుడు కంప్యూటర్‌తోనూ కొలుస్తున్నారు.

దీనికి నేరుగా దారితీసే డిగ్రీ బీఏఎస్‌ఎల్‌పీ, అంటే వినికిడి, మాట లోపాలకు సంబంధించిన చదువు. ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. మైసూరులో 1965లో మొదలైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ రంగంలో పేరున్నది. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఎక్కడ చేరినా భారత పునరావాస మండలి గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోండి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఉద్యోగంలో మీ దగ్గరికి ఎక్కువగా వచ్చేది మాట ఆలస్యమైన పిల్లలు, పక్షవాతం వచ్చినవారు. హంటింగ్టన్ రోగులు అరుదు. వారి మీదే పనిచేయాలంటే ఎమ్మెస్సీ, ఆపై పరిశోధన తప్పవు. అక్కడ తెలుగు తెలిసినవారి అవసరం చాలా ఉంది. మనకు 'కల', 'కాల' మధ్య తేడా అచ్చు నిడివిలోనే ఉంది. ఇంగ్లిషు మాటలకు కట్టిన కొలతలతో తెలుగు మాటను తూచలేం.

ఇక అమ్మగారి భయం. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ జన్యులోపం ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగం. రోజూ ఈ రోగులనే చూస్తూ మీరు మీ గురించి బెంగపడతారేమోనని ఆమె బాధ. అది కొట్టిపారేయదగ్గది కాదు. అమెరికాలో నాన్సీ వెక్స్‌లర్ అనే పరిశోధకురాలి తల్లికి ఈ వ్యాధి వచ్చింది. వెక్స్‌లర్ వెనెజువెలాలోని రోగుల కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ కృషి 1993లో జన్యువును కనుక్కోవడానికి తోడ్పడింది. తర్వాత తనకూ ఆ వ్యాధి ఉందని 2020లో ఆమె బయటికి చెప్పారు. ఈ పనిని ఎంచుకునేవారికి ఆ రెండు సంగతులూ తెలిసి ఉండాలి.

అందుకే ఒకటి అడుగుతున్నాను, మీ మాటను మీరు పరీక్షించుకోవద్దు. పరీక్షల ముందు నిద్రలేకపోయినా, కంగారుపడినా ఎవరి మాటైనా తడబడుతుంది. జన్యు పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది పద్దెనిమిదేళ్లు నిండాక, జన్యు సలహాదారుతో మాట్లాడి, మీరే తీసుకోవలసిన నిర్ణయం. ఎవరి ఒత్తిడి మీదా కాదు. కాలేజీ సీటుకు దానితో సంబంధం లేదు.

నాన్నగారికి స్పీచ్ థెరపీ మొదలైందో లేదో రాయలేదు. మొదలవకపోతే న్యూరాలజిస్టును అడగండి. మాటతో పాటు, మింగేటప్పుడు పొలమారడాన్ని చూసేదీ స్పీచ్ నిపుణులే. నాన్నగారు ఒప్పుకుంటే ఆ గదిలో రెండు మూడుసార్లు కూర్చోండి. అమ్మగారినీ వెంట తీసుకెళ్లండి. అప్లికేషన్ ఆ తర్వాత నింపవచ్చు.