ఏ యానిమే చూసినా హైస్కూలేనా?

ప్రశ్న: మా తమ్ముడి పుణ్యమా అని నేనూ యానిమే (జపాన్ యానిమేషన్ సీరియళ్లు) చూడ్డం మొదలుపెట్టాను. దెయ్యాల కథైనా, ప్రేమకథైనా, ప్రపంచాన్ని కాపాడే కథైనా హీరో మాత్రం యూనిఫాం వేసుకున్న హైస్కూలు కుర్రాడే. జపాన్‌లో పెద్దవాళ్లే లేరా?
– ఓ డిగ్రీ విద్యార్థిని, రాజమండ్రి

జవాబు: ఉన్నారండీ, కాకపోతే ఆఫీసుల్లో ఉన్నారు, రాత్రి పొద్దుపోయేదాకా. సగం జవాబు అందులోనే ఉంది.

అందరూ చెప్పే కారణం ముందు చెప్పేస్తాను. చాలా యానిమేలకి మూలం మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, అది ముందు పత్రికల్లో సీరియల్‌గా వస్తుంది. 1968లో మొదలైన షోనెన్ జంప్ లాంటివి పెట్టిందే మగపిల్లల కోసం, 1990ల మధ్యలో ఒక దశలో దాని వారం సంచిక 65 లక్షల కాపీలు దాటింది. చదివేది కుర్రాళ్లు కాబట్టి హీరో కూడా కుర్రాడే. నిజమే, కానీ నలభై దాటినవాళ్లు కూడా ఈ కథల్ని ఎందుకు వదలట్లేదో దీంతో తేలదు.

నన్నడిగితే అసలు సంగతి హైస్కూలు మూడేళ్లకున్న గడువు. అక్కడ నిర్బంధ విద్య తొమ్మిదేళ్లకే అయిపోతుంది, అయినా నూటికి 98 మంది దాకా హైస్కూల్లో చేరతారు, అంటే దాదాపు దేశం మొత్తం ఆ గుమ్మం దాటిందే. చేరడానికో ఎంట్రన్సు, యూనివర్సిటీకి వెళ్లాలంటే ఇంకో ఎంట్రన్సు, ఆ రెంటి మధ్య పదిహేను నుంచి పద్దెనిమిది దాకా దొరికిన కాలం అది. మొదటి ఏడాది అంతా కొత్త, మూడో ఏడాది పరీక్షల టెన్షన్, కాస్త ఊపిరి పీల్చుకునేది రెండో ఏడాదే. క్యోటోకో ఒకినావాకో తీసుకెళ్లే స్కూలు ట్రిప్పు కూడా చాలాచోట్ల అప్పుడే పెడతారు. ఈసారి చూసేటప్పుడు గమనించండి, హీరో చాలాసార్లు సెకండియరే! మార్చిలో వీడ్కోలు అయ్యాక ఒకడు టోక్యోకి, ఒకడు పనికి, ఒకడు సొంతూళ్లో దుకాణానికి వెళ్లిపోతాడు, యూనివర్సిటీలో చేరినవాడు కూడా చదువు పూర్తవకముందే నల్ల సూటు వేసుకుని ఇంటర్వ్యూలకి తిరగాల్సిందే.

ఆ గడువు ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఆగస్టులో కోషియెన్ మైదానం చూడాలి. 1915లో మొదలైన హైస్కూలు బేస్‌బాల్ పోటీ అది, 1924 నుంచి అక్కడ జరుగుతోంది, జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేలో లైవ్ వస్తుంది. మూడు వేలకు పైగా స్కూళ్లు జిల్లా స్థాయిలో కొట్టుకుంటే చివరికి 49 జట్లు మిగులుతాయి. ఒక్కసారి ఓడితే ఇంటికే. మూడో ఏడాది కుర్రాడికైతే స్కూలు బేస్‌బాల్ క్లబ్బు జీవితమే అయిపోయినట్టు. ఓడిన జట్టు మోకాళ్ల మీద కూర్చుని, ఏడుస్తూ, ఆ నేల మీది నల్లమట్టిని చేతుల్తో గీకి సంచుల్లో నింపుకుంటుంది, చుట్టూ ఫొటోగ్రాఫర్లు. ఏటా దేశమంతా టీవీలో చూసే దృశ్యం ఇది. ఇంత సరుకు ఊరికే దొరుకుతుంటే రచయిత ఆఫీసు కథ ఎందుకు రాస్తాడు చెప్పండి?

పైగా వారం వారం కథ ఇవ్వాల్సినవాడికి స్కూలు క్యాలెండరే సగం పని చేసిపెడుతుంది. శరదృతువులో ఉత్సవం ఉంటుంది, ఒక్కో తరగతీ కాఫీ హోటలో, దెయ్యాల కొంపో పెడుతుంది. క్లాసులు ఊడ్చేది కూడా పిల్లలే కాబట్టి, అందరూ వెళ్లిపోయాక చెరో చీపురు పట్టుకుని ఇద్దరు మిగిలారంటే ఇక ప్రేమకథకి వేరే ఏర్పాటు అక్కర్లేదు.

మన దగ్గర అదే వయసు పిల్లలు ఇంటర్ పేరుతో హాస్టళ్లలో ఉంటారు. అందుకే కాబోలు మన సినిమా ఆ రెండేళ్లనీ ఎగ్గొట్టి సరాసరి ఇంజినీరింగ్ కాలేజీ గేటు ముందు దిగుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇవన్నీ చూసి జపాన్‌లోనే చదువుతానని కూర్చున్నాడు. అక్కడి స్కూళ్లు నిజంగా అంత సరదాగా ఉంటాయా?
– ఓ తల్లి, హన్మకొండ

జవాబు: మేడ మీద కూర్చుని లంచ్ బాక్సులు తినే సీన్ చూపించి ఉంటాడు. చాలా స్కూళ్లలో ఆ మేడ తలుపుకి తాళం ఉంటుందని చెప్పండి. సాయంత్రమైతే చాలామంది కోచింగ్ సెంటర్లకే పరుగు.

ఇక రూల్స్ సంగతి. ఒసాకా ప్రాంతంలో ఒకమ్మాయి తన జుట్టు పుట్టుకతోనే గోధుమ రంగని చెప్పినా, నల్లరంగు వేసుకు రమ్మని స్కూలు మళ్లీ మళ్లీ ఒత్తిడి చేసిందని 2017లో కోర్టుకెక్కింది. 2021లో తీర్పు వచ్చింది. జుట్టు రూలు తప్పు కాదన్నారు, కానీ బడికి రావడం మానేసిన పిల్ల బెంచీ తీసేసి, హాజరు జాబితాలో పేరు కూడా లేకుండా చేయడం తప్పన్నారు, 3 లక్షల 30 వేల యెన్లు పరిహారం ఇమ్మన్నారు. టోక్యో ప్రభుత్వ హైస్కూళ్లలో లోదుస్తుల రంగు కూడా స్కూలే చెప్పే నిబంధనలుండేవి, అవి 2022 ఏప్రిల్ నుంచి పోయాయి.

నాకైతే అనుమానం, యానిమేలో ఆ స్కూలుని అంత ఇష్టంగా చూసే జపాన్ పెద్దవాళ్లలో చాలామంది తమకి దక్కినదాన్ని కాదు, దక్కనిదాన్ని చూస్తున్నారని. మీవాడు వెళ్తానంటే వెళ్లనివ్వండి, కాకపోతే ముందు జపనీస్ నేర్చుకోమనండి, సబ్‌టైటిల్స్ లేకుండా.