మూతపడిన కళాశాల పట్టాకు విలువ ఉంటుందా? మార్ల్‌బరోలో చదివినవాడి సమాధానం

చదివిన కళాశాల మూతపడితే పట్టా విలువ పోతుందా, అలాంటి చోట చేరినందుకు తర్వాత చింతించవలసి వస్తుందా అని అడిగారు. మొదటిదానికి సమాధానం చిన్నదే: పోదు. చదివిన నాటికి కళాశాలకు గుర్తింపు ఉంటే పట్టా చెల్లుతుంది. అమెరికాలో కళాశాలను మూసేటప్పుడు విద్యార్థుల రికార్డులను మరో విద్యాసంస్థకో, రాష్ట్ర ప్రభుత్వ విభాగానికో అప్పగిస్తారు కనుక ట్రాన్స్‌క్రిప్టులు అక్కడి నుంచి తెప్పించుకోవచ్చు. రెండో ప్రశ్నకు మాత్రం నా సంగతి చెప్పక తప్పదు.

నేను చదివింది వెర్మాంట్ రాష్ట్రంలోని మార్ల్‌బరో కళాశాలలో. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, ఇళ్లకు తిరిగివచ్చిన సైనికులను దృష్టిలో పెట్టుకొని వాల్టర్ హెండ్రిక్స్ 1946లో దాన్ని పొటాష్ హిల్ అనే కొండ మీద, ఒక పాత వ్యవసాయ క్షేత్రంలో స్థాపించారు. 1948లో పట్టా పుచ్చుకున్న తొలి జట్టులో ఉన్నది ఒకే ఒక్కరు. నా రోజుల్లో మూడు వందల మంది దాకా ఉండేవాళ్లం. హైదరాబాదులో నేను ఇంటర్ చదివిన కళాశాలలో ఒక్క అంతస్తులోనే అంతకంటే ఎక్కువమంది ఉండేవారు.

అక్కడ చేరిన కొత్తలోనే ప్రతి విద్యార్థీ ఇరవై పేజీల సొంత రచన సమర్పించి, అది స్పష్టంగా ఉందని అధ్యాపకుల చేత అనిపించుకోవాలి. జవాబులు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్న నాకు మొదటిసారి ఆ పేజీలు తిరిగివచ్చాయి. ఇతరులు చెప్పిందంతా ఉంది గానీ నేనేమంటున్నానో ఎక్కడా కనిపించలేదన్నది వారి అభ్యంతరం. చివరి రెండేళ్లూ ‘ప్లాన్’ అని పిలుచుకునే ఒకే అంశం మీద, అధ్యాపకుడి ఎదుట ఒంటరిగా కూర్చొని సాగించే చదువు. నేను ధవళేశ్వరం ఆనకట్టనూ గోదావరి డెల్టా కాలువలనూ ఎంచుకున్నాను. ఆ నది పేరైనా అంతకుముందు వినని మా అధ్యాపకుడు, నాకంటే ముందే నివేదికలు తెప్పించుకొని చదివి, శివారు భూములకు నీరు ఎవరి నిర్ణయం మీద అందేదని అడిగితే, డెల్టాలోనే పుట్టిన నేను వారం రోజులు జవాబు చెప్పలేకపోయాను. చివరి మౌఖిక పరీక్షకు బయటి నుంచి మరో పరీక్షకుణ్ణి పిలిపించేవారు.

కళాశాల వ్యవహారాలు చర్చించే ‘టౌన్ మీటింగ్’లో విద్యార్థికీ, అధ్యాపకుడికీ, సిబ్బందికీ తలా ఒక ఓటు ఉండేది. (మన గ్రామసభ కాగితం మీద అలాంటిదే, ఓపికగా కూర్చొని పక్కవాడి మాట వినడం మాత్రం నేను అక్కడే నేర్చుకున్నాను.) గ్రంథాలయం రాత్రంతా తెరిచే ఉండేది, పుస్తకం తీసుకున్నవారే పేరు రాసి పెట్టేవారు.

ఒక్క విద్యార్థికి ఒక్క అధ్యాపకుణ్ణి కేటాయించే పద్ధతికి అయ్యే ఖర్చు, పిల్లలు తగ్గేకొద్దీ భరించరానిదవుతుంది. అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో కళాశాల వయసు యువత తగ్గుతూ వచ్చింది. 2019 వసంతంలో ఒక్క వెర్మాంట్‌లోనే మూడు చిన్న కళాశాలలు మూతపడ్డాయి. అప్పటికి మార్ల్‌బరోలో మిగిలింది సుమారు నూట యాభై మంది. ఆ ఏడాది నవంబరులో బోస్టన్‌లోని ఎమర్సన్ కళాశాలలో విలీనమవుతున్నట్లు ప్రకటించారు. మూడు కోట్ల డాలర్లకు పైబడిన నిధిని ఎమర్సన్‌కు ఇచ్చి, శాశ్వత అధ్యాపకులకూ విద్యార్థులకూ అక్కడ చోటు కల్పించారు. చేతిలో డబ్బుండగా మూసేయడమేమిటని అప్పట్లో బాధపడ్డాను గానీ, నిధి కరిగిపోయాక పిల్లల్ని నడిసంవత్సరంలో వదిలేయడం కంటే అదే మేలని ఇప్పుడు అనిపిస్తోంది. 2020 వసంతంలో కరోనా వల్ల ఆఖరి సెమిస్టరుకు సరైన వీడ్కోలు కూడా జరగలేదు.

1951 నుంచీ ఆ కొండ మీద వేసవిలో సాగే మార్ల్‌బరో సంగీతోత్సవం ఇప్పటికీ అక్కడే జరుగుతోంది. మొన్నొకసారి కచేరీకి వెళ్లి, విరామంలో గ్రంథాలయం వైపు నడిచాను. తలుపు మూసి ఉంది. అది మూసి ఉండగా చూడడం నాకు అదే మొదటిసారి.